బకెట్లో నల్లనీళ్ళు

నవంబర్ 3, సోమవారం

ఈ డైరీ ఫ్యాక్టరీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. అట్ట మీద నీలం పైపుల బొమ్మ ఉంది. పది నెలలుగా అవ్వ దీన్ని దిండు కింద ఎత్తుకు పెట్టుకుని పడుకుంటోంది. ఈ రోజు లాక్కుంటే, "నా తలకాయ కిందిది గుంజుకపోతున్నవ్, గంతగనం ఏం రాస్తవ్ బిడ్డా" అని సణిగింది.

రాయాల్సింది మా తమ్ముడు సుందర్ గురించి. మొన్న శుక్రవారం కామారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ వాడి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత నా వైపు తిరిగి, "మీకు రాయడం వచ్చా అమ్మా? రోజూ రెండు ముక్కలు రాయండి. దగ్గు ఎక్కువా, తక్కువా. ఆ రోజు పనికి పోయాడా, లేదా" అన్నది. గీతలు కొట్టిన కాగితం ఒకటి ఇచ్చింది. నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. రాయడం వచ్చా అని అడిగినందుకు కొంచెం మండింది.

ఆ కాగితంలో నిజంగానే రెండు ముక్కలే పడతాయి. మిగిలింది ఇందులో రాసుకుంటాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం ఎందుకు రావాలో నాకు అర్థం కావడం లేదు.

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

నవంబర్ 4, మంగళవారం

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

నాక్కూడా గొంతులో గరగర. మంచు మొదలైంది కదా.

నవంబర్ 6, గురువారం

వ్యాన్ లింగంపేట దగ్గర చెడిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తి దాని లోపల ఏదో పోగొట్టుకున్నవాడిలా చూస్తున్నాడు. అందుకని రాయడానికి తీరింది.

రోజూ ఎల్లారెడ్డి నుంచి ఈ వ్యాన్‌లో వస్తాం, నేనూ సుందర్, ఇంకో ఎనిమిది మంది. మా ఫ్యాక్టరీలో పొలాలకు వేసే పైపులు చేస్తారు. తెల్లపొడి సంచుల్లో వస్తుంది. దాంట్లో ఇంకేవో పొడులు కలిపి మిక్సర్‌లో పోస్తే తిరిగి తిరిగి వేడెక్కుతుంది, ఆ తర్వాత మిషన్‌లో కరిగి పైపులాగా బయటికి వస్తుంది. మిక్సర్ దగ్గర సంచులు కోసి పోసేది సుందరే. సాయంత్రానికి వాడి కనుబొమలు కూడా తెల్లబడి, పిండి గిర్నీ నడిపేవాడిలా తయారవుతాడు. మిషన్‌లో కరిగిన మాల్ మాడిందంటే మాత్రం ఘాటు పొగ లేస్తుంది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో మంట. అందరం బయటికి ఉరుకుతాం. మిషన్ విప్పి మాడింది గోకేవాళ్ళు ఉండిపోతారు. వాళ్ళలోనూ సుందర్ ఉంటాడు. గట్టి ఛాతీ అని వాడినే పిలుస్తారు.

అందుకే మాస్కులు ఇచ్చారు. రబ్బరువి, చెరో పక్క గుండ్రటి డబ్బా ఉంటుంది. మిక్సర్, గ్రైండర్ దగ్గర పనిచేసే పదకొండు మందికి పదకొండు. వాటిని చూసుకునేది నేనే. స్టోర్ రూమ్, ఊడ్చడం, నాలుగింటికి చాయ్, చాయ్‌తో పాటు తలా ఒక బెల్లం ముక్క, ఈ మాస్కులు, ఇదీ నా నౌకరి. బెల్లం తింటే గొంతులో దుమ్మంతా జారిపోతుందని మా ఓనరు పెద్దసార్ నమ్మకం. శనివారం సాయంత్రం మాస్కులన్నీ పోగుచేసి, డబ్బాలతో సహా సర్ఫు నీళ్ళలో నానబెట్టి, పిసికి, రేకుల మీద ఆరేస్తాను. ఆదివారమంతా ఎండుతాయి. సోమవారం పొద్దున చూడాలి, ఇప్పుడే కొన్నట్టు ఉంటాయి. ఉతకమని దేవేందర్ సారే చెప్పాడు. ఆయన మా సూపర్‌వైజర్.

సుందర్ మాస్కు మాత్రం వారానికి రెండుసార్లు. దానికి సర్ఫు కాదు, నా ఒంటిసబ్బు. పక్షపాతమే, ఒప్పుకుంటాను. మా ఆయన పోయినప్పుడు నన్నూ నా పెట్టెనూ తీసుకుని ఇంటికి తెచ్చింది వాడు. దేవేందర్ సార్‌ను బతిమాలి రెండేళ్ళ కింద వాడిని ఈ పనిలో పెట్టింది నేను. బాకీ తీరిందనుకున్నాను.

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

నవంబర్ 9, ఆదివారం

ఈ రోజు చాలా నయం. చర్చి నుంచి వచ్చాక సుందర్ భార్య గ్లోరీ మిరియాలు దంచి కోడిపులుసు పెట్టింది. రెండు గిన్నెలు తాగాడు. దగ్గు తగ్గింది. మందులకన్నా కోడే నయమని అవ్వ తీర్పు చెప్పింది.

సాయంత్రం ఇంటి ముందు వాడు కూత పెట్టి చూసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట కబడ్డీలో కూతకు పోయాడంటే అవతలి వాళ్ళకు ఊపిరి ఆగేది కానీ వాడికి ఆగేది కాదు. మద్నూర్ వాళ్ళు వీడి కూత లెక్కపెట్టడానికి వాచీ పట్టుకుని నిలబడిన రోజులున్నాయి. ఈ రోజు ఇటు గడప నుంచి అటు బండ దాకా వెళ్ళేలోపే తెగిపోయింది. వంగి మోకాళ్ళు పట్టుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు. నేను బియ్యం చెరుగుతున్నట్టు నటించాను.

క్రిస్మస్ మర్నాడు మహమ్మద్‌నగర్ జట్టుతో ఆట ఉంది.

సుందర్: దగ్గు తక్కువ. పనికి పోలేదు.

నవంబర్ 10, సోమవారం

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

కోడి రోజూ కొనలేం.

నవంబర్ 16, ఆదివారం

సుందర్: దగ్గు తక్కువ. పనికి పోలేదు.

గ్లోరీ కాగితం తీసుకుని వేలితో గీతల వెంట పోయింది. "వదినా, ఆదివారం వస్తే దగ్గు ఎటు పోతుంది?" అన్నది. ప్రార్థనకు పోయి కూర్చుంటడు కద, మనసు నిమ్మళమైతది అన్నాను. "సోమవారం దేవుడు ఉండడా?" అన్నది. ఈ పిల్లకు ఇంటర్ చదివిన పొగరు. కాగితం లాక్కుని పెట్టెలో పెట్టాను.

నవంబర్ 19, బుధవారం

మాల్ మాడింది. చాలాసేపు గోకారు. సుందర్ బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాస్కు తీస్తే మూతి చుట్టూ రబ్బరు గీత ఎర్రగా పడి ఉంది. రెండు బెల్లం ముక్కలు ఇచ్చాను.

పొగ తగ్గాక నేను మిక్సర్ కింద ఊడ్చాను. మూతికి కొంగు కట్టుకునే ఊడ్చాను. నేను పదకొండు మందిలో లేను కదా.

సుందర్: దగ్గు చాలా ఎక్కువ. పనికి పోయాడు.

నవంబర్ 25, మంగళవారం

రేపు మళ్ళీ దవాఖానకు. ఫ్యాక్టరీలో వాడే మాస్కు కూడా తెమ్మని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పిందట. ఎవరింటి వస్తువైనా బయటివాళ్ళు చూస్తారంటే శుభ్రంగా ఉండాలి. డబ్బాల జాలీలోకి పాత పళ్ళ బ్రష్ పెట్టి తోమాను. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా పిండాను. పెద్ద డాక్టర్లు కూడా ఇంత శుభ్రంగా ఉంచుకోరు.

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

నవంబర్ 26, బుధవారం

సుందర్: దగ్గు

నవంబర్ 27, గురువారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

సుందర్‌ను పక్క గదిలోకి తీసుకుపోయి మిషన్‌లో ఊదించారు. గోడ అవతల నుంచి నర్సు గొంతు వినబడుతూనే ఉంది. ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు. వాడు ఆపేస్తున్నాడు. మళ్ళీ మొదలుపెట్టిస్తున్నారు.

ఇవతల నేను మాస్కు తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. గుడ్డలో చుట్టి తెచ్చాను. ఆమె చేతిలోకి తీసుకుని తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

"సబ్బు వాసన వస్తోంది. దీన్ని ఉతికారా?" అన్నది.

"లేదమ్మా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆమె గొంతులో ఏదో ఉంది. బడిలో టీచర్ అడిగినట్టు అడిగింది, నోరు దానంతటదే లేదు అన్నది.

ఆమె డబ్బా మీద వేలుపెట్టి చెప్పింది. ముందున్న దూదిలాంటి పొర దుమ్మును పడుతుందట. వెనక బొగ్గు గుండ ఉంటుందట. అదే ఘాటు పొగను పీల్చుకుంటుందట. "నీళ్ళు తగిలితే రెండూ పోయినట్టే. ఇక అది ముక్కు మీద ఊరికే బరువు. కొన్నాళ్ళకు డబ్బాలు తీసేసి కొత్తవి పెట్టాలి. ఎప్పుడు మార్చారు?"

"నాకు తెల్వదమ్మా" అన్నాను. అది కూడా అబద్ధమే. మార్చలేదు.

అప్పుడే నాకు దగ్గు వచ్చింది. ఆమె నా వైపు చూసి, "మీకు ఎన్నాళ్ళ నుంచి?" అన్నది. మంచుకమ్మా అన్నాను.

సుందర్ బయటికి వచ్చాక ఆమె ఉత్తరం రాసి ఇచ్చింది. పని వల్ల వచ్చిన ఆయాసం, పొడి, పొగ లేని చోటికి మార్చాలి, రెండు వారాలు పూర్తిగా దూరంగా ఉంచి చూడాలి అని. ఫ్యాక్టరీలో ఇమ్మంది. బస్సులో వాడు ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు మడిచి విప్పాడు. నేను కిటికీ బయటికే చూశాను.

సుందర్: దగ్గు ఎక్కువ. రెండు రోజులూ.

నవంబర్ 30, ఆదివారం

నిన్న మాస్కులు ఉతకలేదు. తల నొస్తోందని చెప్పాను.

డిసెంబర్ 1, సోమవారం

డాక్టరమ్మకు ఫ్యాక్టరీ సంగతులు ఏం తెలుసు? అక్కడ ఒక్క రోజు నిలబడిందా? మురికి మాస్కు మూతికి పెట్టుకుంటే రోగం రాదా? నేను ఉతక్కపోతే ఇంకా ముందే వచ్చేదేమో. అవును కదా, అట్లా కూడా అయ్యుండొచ్చు.

బెల్లం డబ్బా ఖాళీ అయితే కడిగాను. అడుగున వేసిన కాగితం బయటికి వచ్చింది. మాస్కులు వచ్చిన అట్టపెట్టెలోని కాగితం అది. మందంగా, నునుపుగా ఉందని రెండేళ్ళ కింద నేనే డబ్బా అడుగున పరిచాను. బెల్లం మరకల మధ్య చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో నల్లా, కింద ధార, దాని మీద అడ్డంగా ఇంటూ గుర్తు.

రాసింది ఇంగ్లీషు. బొమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదు.

డిసెంబర్ 2, మంగళవారం

ఉతకమన్నది దేవేందర్ సారే. ఆయన్నే అడగాలి.

డిసెంబర్ 5, శుక్రవారం

అడగకముందే ఆయనే ఆఫీసులోకి పిలిచాడు. కుర్చీ వేయించాడు. ఆరేళ్ళలో నాకు కుర్చీ వేయించడం ఇదే మొదటిసారి. అక్కడే భయపడాల్సింది.

"లిదియమ్మా, మీ తమ్ముడు డాక్టర్ లెటర్ తెచ్చిండు. పని వల్లనే రోగమొచ్చిందని రాసింది. పెద్దసార్ పరేషాన్ల ఉన్నడు. మనం మాస్కులిచ్చినం, అవి మంచిగ ఉన్నయి, పిల్లగాడే సరిగ పెట్టుకోలేదు, గట్ల ఒక కాయిదం కావాలె అంటుండు. మాస్కులు చూసేది నువ్వే కద, సంతకం నువ్వే పెట్టాలె."

"పెడితే ఏమైతది సార్?"

"నీకేం కాదు. నీ నౌకరి నీకుంటది."

"వానికి?"

సార్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "వాని తప్పే అయితది కద. మందులకు కంపెనీ ఇయ్యదు. వేరే పనిల పెట్టదు. వస్తే మిక్సర్ కాడికే రావాలె, లేకుంటే మానుకోవాలె."

"పెట్టకపోతే?"

"మరి మాస్కులు ఎందుకు పని చెయ్యలేదని అడుగుతరు. నిన్నే అడుగుతరు లిదియమ్మా."

నేను మెల్లగా అడిగాను, ఉతకమన్నది మీరే కదా సార్ అని. ఆయనకు కోపం రాలేదు. నిజంగా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "నేనెప్పుడన్న? నువ్వే ఉతికి ఆరేసినవ్, మంచిగున్నయి అన్న. పోయినేడు కొత్త డబ్బాలు తెప్పిద్దామని రాసిన గూడ. పెద్దసార్ వచ్చి చూసి, ఇవి కొత్తగనే ఉన్నయి కద, ఎందుకు అన్నడు" అన్నాడు.

సోమవారం దాకా ఆలోచించుకొమ్మన్నాడు. బయటికి వచ్చి నాలుగింటి చాయ్ పోశాను. ఒకరికి రెండుసార్లు పోశాను, ఒకరికి పోయనే లేదు.

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోయాడు.

డిసెంబర్ 8, సోమవారం

సంతకం పెట్టాను.

మాస్కులు ఇచ్చారన్నది నిజం. మంచిగా ఉన్నాయన్నదీ నిజమే, ఎవరైనా చూడొచ్చు. సరిగా పెట్టుకోలేదు అన్నదాంట్లో కూడా పూర్తిగా అబద్ధం లేదు. చాయ్ తాగేటప్పుడు మెడకు దించుకునేవాడు. నేను చాలాసార్లు చూశాను.

నా నౌకరి పోతే ఇంట్లో ఇద్దరమూ కూర్చోవాలి. ఒకరిదైనా ఉండాలి. వాడి కోసమే కదా పెట్టింది.

డిసెంబర్ 9, మంగళవారం

వాడి కోసమే.

డిసెంబర్ 10, బుధవారం

డాక్టరమ్మ చెప్పిన రెండు వారాల సెలవు ఈ రోజు నుంచి. పెద్దసార్ దాకా పోయి ఇన్నాళ్ళకు దొరికింది. క్రిస్మస్ కూడా కలిపి నెలాఖరు దాకా రానని సుందర్ చెప్పాడు. జీతం రాదు. తర్వాత ఏం చేయాలో కాగితాలు చూసి చెప్తామన్నారట. "ఏం కాయిదాలక్కా?" అని సుందర్ అడిగాడు. నాకేం తెల్వదు అన్నాను. ఈ నెలలో ఈ మాట ఎన్నిసార్లు అన్నానో.

సుందర్: దగ్గు ఎక్కువ. పనికి పోలేదు.

డిసెంబర్ 14, ఆదివారం

సుందర్: దగ్గు తక్కువ. పనికి పోలేదు.

నిజం ఇక్కడైనా రాయాలి. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

నన్ను ఎవరూ ఉతకమనలేదు. నాకు మురికి పడదు. మాస్కులు వచ్చిన మూడో వారం సుందర్‌ది చూశాను. చెమట, పొడి కలిసి లోపలంతా పిండిలా పేరుకుని ఉంది. నా తమ్ముడు దీన్ని మూతికి పెట్టుకుంటున్నాడా అని ఒళ్ళు జలదరించింది. బకెట్‌లో వేసి పిసికాను. డబ్బాల్లోంచి నల్లటి నీళ్ళు వచ్చాయి, కాటుక కలిపినట్టు. ఎంత మురికి పట్టింది చూడు, ఇదంతా వాడి ఛాతీలోకి పోయేదే కదా అనుకున్నాను. సంతోషమేసింది. మిగతా పదీ తెచ్చి ఉతికాను. నల్లనీళ్ళు పోసి పోసి, నీళ్ళు తెల్లబడేదాకా ఉతికాను. మూడు నాలుగు వారాలయ్యాక ఇక నలుపు రాలేదు. శుభ్రమైపోయాయి అనుకున్నాను.

ఆ నలుపు మురికి కాదు. అదే బొగ్గు. వాళ్ళ ఊపిరికి అడ్డంగా ఉండాల్సింది నేను మోరీలో పోశాను.

డిసెంబర్ 15, సోమవారం

కానీ ఎవరైనా చెప్పాలి కదా. ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాను, ఇది ఉతకొద్దు లిదియా అని ఒక్కరైనా చెప్పాలి కదా.

డిసెంబర్ 17, బుధవారం

సుందర్: దగ్గు లేదు. పనికి పోలేదు.

సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. వాడు ఇంట్లో పాటలు పాడుకుంటూ క్రిస్మస్ నక్షత్రానికి కాగితాలు అంటిస్తున్నాడు. వాడికి నయమైన కొద్దీ నా తప్పు రుజువవుతోంది. ఒక్కసారి దగ్గితే బాగుండునని ఒక నిమిషం అనుకున్నాను. ఇట్లాంటి అక్క ఎవరికైనా ఉంటుందా?

డిసెంబర్ 20, శనివారం

మళ్ళీ ఉతికాను. ఉతకకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. పది మాస్కులు రేకుల మీద వరుసగా పెట్టి దిగి వచ్చాను.

డిసెంబర్ 21, ఆదివారం

చర్చిలో దగ్గు ఆగక బయటికి వచ్చి నిలబడ్డాను. మంచు చాలా ఉంది. ఎండ కూడా ఉంది.

డిసెంబర్ 26, శుక్రవారం

ఎల్లారెడ్డి బడి మైదానం నిండిపోయింది. పాస్టరుగారు విజిల్ పట్టుకుని రిఫరీ అయ్యారు. మహమ్మద్‌నగర్ వాళ్ళలో ఇద్దరు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు. సుందర్‌ను మొదట కూర్చోబెట్టారు, ఆడనని గ్లోరీ ప్రమాణం చేయించుకుంది. సగం ఆట అయ్యాక వాడు మా వైపు చూశాడు. ఒక్క కూత, అని వేలు చూపించాడు. గ్లోరీ ముఖం తిప్పుకుంది, కానీ వద్దనలేదు.

వెళ్ళాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని సన్నగా, తెగకుండా. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది. పదిహేను. ఒకరిని తాకాడు. వాళ్ళు చుట్టేశారు. ఇరవై. ఒకడు కాలు పట్టుకున్నాడు, పడ్డాడు, పడ్డాక కూడా కూత వినబడుతూనే ఉంది. మట్టిలో పాక్కుంటూ చేయి చాపి గీత ముట్టాడు. ఇరవై ఏడు. అందరూ అరుస్తున్నారు. అవ్వ పక్కవాళ్ళ భుజాల మీద కొడుతోంది.

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషానికి అనుకున్నారు. సంతోషమే, కానీ అదొక్కటే కాదు. నవంబర్లో గడప నుంచి బండ దాకా పోలేనివాడు పదహారు రోజులు ఫ్యాక్టరీకి పోకపోతే ఇరవై ఏడు లెక్కపెట్టించాడు. ఇంకే డాక్టరమ్మ చెప్పాలి నాకు?

డిసెంబర్ 27, శనివారం

పొద్దున్నే వాడు నల్లా దగ్గర నిన్నటి మట్టి బట్టలు నానబెడుతున్నాడు. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నల్లనీళ్ళు, ఒంటిసబ్బు, బెల్లం డబ్బా కింది కాగితం, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం. వాడు చొక్కా పిసుకుతూ విన్నాడు.

"గంతేనా? నీకేం తెలుసక్కా, నువ్వు మంచికే ఉతికినవ్" అన్నాడు. నవ్వాడు కూడా. "మా మిక్సర్ కాడ అందరికంటె నా మాస్కే కమ్మటి వాసన వస్తుండె. సంచి కోసినంతసేపు నీ సబ్బు వాసననే పీల్చుకుంటుండె."

అక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపుకోలేకపోయాను. సంతకం సంగతి చెప్పాను.

వాడి చేతులు ఆగిపోయాయి. "ఏమని రాసి ఉండె దాంట్ల?"

"నువ్వు సరిగ పెట్టుకోలేదని."

బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నా నల్లా కట్టలేదు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"ఉక్కపోస్తది. రబ్బరు కోసుకపోతది. అందరు తీసేసేటోళ్ళు. నేను రెండేండ్లల ఒక్కనాడు గూడ తీయలే అక్కా. ఎందుకు తీయలేనో ఎరికేనా? మా అక్క రెండుసార్లు ఉతుకుతది, తీస్తే బాగుండదని."

నేను ఏదో అనబోయాను.

"ఉతుకుడుకు నేనేమన. సంతకమెట్ల పెట్టినవ్?"

లేచి బట్టలు అట్లాగే వదిలేసి పోయాడు. ఆ బట్టలు నేను ఉతకలేదు. చేతులు రాలేదు.

డిసెంబర్ 28, ఆదివారం

వాడు మాట్లాడలేదు. ఈ డైరీలోంచి కాగితాలు చింపి నా చేతిరాతతో ఒక కాయితం రాశాను. మూడుసార్లు రాస్తే కుదిరింది. గ్లోరీకి ఇచ్చి చదివించాను. కామాలు సరిచేసింది, ఇంకేమీ అనలేదు.

డిసెంబర్ 29, సోమవారం

దేవేందర్ సార్ బల్ల మీద కాయితం పెట్టాను. సుందర్ రోజూ మాస్కు పెట్టుకున్నాడు. డబ్బాలు నేను ఉతికాను, ఉతకొద్దని నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు. రెండేళ్ళలో కొత్త డబ్బాలు రాలేదు. ఇంతకు ముందు పెట్టిన సంతకం భయంతో పెట్టింది. ఇదే రాశాను. ఇంకొకటి డాక్టరమ్మకు ఇస్తానని కూడా చెప్పాను.

సార్ రెండుసార్లు చదివాడు. "నౌకరి పోతది లిదియమ్మా."

"పోతే పోతది సార్."

"ఎందుకు ఉతికినవని నిన్నే అంటరు."

"అననీయుండ్రి. నేను చెప్తా. కొత్తయి ఎందుకు రాలేదో మిమ్ములను గూడ అడుగుతరు. మీరు గూడ చెప్పుండ్రి, రాసిన అన్నరు కద."

ఆయన కాయితాన్ని చింపుతాడేమోనని చూశాను. చింపలేదు. సొరుగులో పెట్టి, సొరుగు మూయకుండా అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కూడా దగ్గాడు. ఎప్పటి నుంచి దగ్గుతున్నాడో నేను పట్టించుకోలేదు.

బయట మాస్కుల కోసం నిలబడ్డారు. వారం వారం సోమవారం నా చేతి నుంచే తీసుకుంటారు. ఒక్కొక్కరికీ ఇస్తూ చెప్పాను, ఇది పని చెయ్యదు, నేను ఉతికి పాడు చేసిన, కొత్త డబ్బాలు అడుగుండ్రి అని. ఒకడు నవ్వాడు. ఇద్దరు తిట్టారు. మిగతావాళ్ళు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు, తేడా బయటికి కనబడుతుందేమోనని. చివరికి గ్రైండర్ దగ్గర పైపు ముక్కలు వేసే ఈరవ్వ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, మాస్కు అంటే ఆమెకు నగంత ముద్దు.

"మరి రెండేండ్ల సంది మూతికి ఏం కట్టుకున్నం పిల్లా?" అన్నది.

"ఏం కట్టుకోలే ఈరవ్వా" అన్నాను.

ఆమె మాస్కు నా చేతిలో పెట్టేసి, కొంగు మూతికి చుట్టుకుని గ్రైండర్ వైపు నడిచింది. గ్రైండర్ అప్పటికే తిరుగుతోంది.

ఇది వ్యాన్‌లో రాస్తున్నాను. రేపు ఈ వ్యాన్ నా కోసం ఆగుతుందో లేదో తెలియదు. బుధవారం డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. గీతల కాగితం తీసి ఈ రోజుది నింపాను.

సుందర్: దగ్గు లేదు. పనికి పోలేదు.

దాని కింద ఖాళీ ఉంది. ఇంకో పేరు రాశాను.

లిదియా: దగ్గు ఎక్కువ. పనికి పోయింది.